చివరి వరుస చదివిన కళ్ళు

చార్టక్కకు అసలు పేరు లేక కాదు, ఆ కంటి క్లినిక్‌లో దాని అవసరం ఎవరికీ పడలేదు. పదకొండేళ్ళుగా చీకటి గదిలో కుర్చీ పక్కన నిలబడి, ఎదుటి గోడ మీద వెలిగే అక్షరాల చార్టు చూపించి "ఇది చదవండి, ఇప్పుడు దీని కింది వరుస" అంటూ వచ్చినవాళ్ళ చూపు కొలవడమే ఆమె పని. అలా అనీ అనీ ఆ పేరే మిగిలింది. చేసే పని మీద ఆమెకు గౌరవం ఉండేది. ఎంత గౌరవమంటే, ఆడపడుచు ఒకరోజు వచ్చి "వదినా, ఈ కళ్ళజోడు పీడ వదిలించుకోవాలి" అన్నప్పుడు, ఇంకో ఆసుపత్రి ఊసే ఎత్తకుండా చెయ్యి పట్టుకుని తమ క్లినిక్‌కే తీసుకొచ్చింది.

ఆడపడుచు పిల్లలకు ఈత నేర్పుతుంది. ఆరుబయట పెద్ద కొలను, పూటకు పన్నెండు మంది పిల్లలు. సైటు ఏడున్నర. గట్టు మీద నిలబడితే అద్దాల నిండా నీటి తుంపరలు, నీళ్ళలోకి దిగితే అద్దాలు తీసెయ్యాలి, తీసేస్తే పిల్లలంతా తేలే రంగు మచ్చలు. కాంటాక్టు లెన్సులు పెట్టి చూసింది. రెండుసార్లు కన్ను చీము పట్టి మానేసింది.

పెద్ద డాక్టరు కొలతలన్నీ తీయించి, కంప్యూటరు మీద రంగురంగుల పటం చూపించాడు.

"కార్నియా పలచగా ఉందమ్మా. పొరను మూతలా కోసి ఎత్తే పద్ధతి నీకు పనికిరాదు. పై చర్మం తుడిచేసి, ఉపరితలం మీదే లేజర్ కొడతాం. నాలుగు రోజులు నొప్పి. తర్వాత జీవితాంతం హాయి."

"ఇబ్బందులేమైనా వస్తాయా సార్?" అని అడిగింది ఆడపడుచు.

డాక్టరు నవ్వి చార్టక్క వైపు వేలు చూపించాడు. "నన్నెందుకు, మీ వదిన్ని అడుగు. వేలమందిని చూసింది."

"ఏం కాదు. నేనున్నాగా" అంది చార్టక్క. ఆ నాలుగు అక్షరాలు అంత తేలిగ్గా ఎలా వచ్చాయో ఆమెకు తర్వాత ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆపరేషన్ రోజున థియేటరు బయట గాజు కిటికీ దగ్గర నిలబడి చూసింది. రెప్పలు మూతపడకుండా తీగ బిగించారు. చిన్న గిన్నెలాంటి దానిలో పై చర్మాన్ని వదులు చేసే మందు పోసి కంటి మీద ఆనించి, కాసేపటికి తీసేశారు. ఆ తర్వాత పాల మీద మీగడ పక్కకు నెట్టినట్టు, నల్లగుడ్డు మీది చర్మాన్ని డాక్టరు మొద్దు పరికరంతో ఒక పక్కకు తోసేశాడు. అది ముడతలు పడి కంటి మూలకు చేరింది. లేజర్ టకటకమంటుంటే వెంట్రుక కాలిన వాసన తలుపు సందులోంచి బయటకు వచ్చింది. చార్టక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అయినా, ఇది మామూలే అనుకుంది. మామూలే కూడా.

నాలుగు రోజులు ఆడపడుచు చార్టక్క ఇంట్లోనే, తెరలు దింపిన గదిలో పడుకుంది. కళ్ళలో కారం కొట్టి ఇసుకతో రుద్దినట్టుందని చెప్పింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి దిండు తడిసి చెమటవాసన కొట్టేది. ఐదోరోజు కంటి మీద కట్టులా పెట్టిన లెన్సు తీశారు. మూడు వారాలకల్లా చార్టులో చివరి వరుస గడగడా చదివేసింది. క్లినిక్ ముందు గదిలో ఒక గాజు పెట్టె ఉండేది, చూపు వచ్చినవాళ్ళు పాత కళ్ళజోడు అందులో పడేస్తుంటే ఫొటో తీసి గోడకు తగిలిస్తారు. ఆడపడుచు ఫొటో కూడా గోడెక్కింది. నవ్వుతూ, బొటనవేలు ఎత్తి.

"వదినా, గట్టు మీద నుంచి పిల్లల మొహాలు కనిపిస్తున్నాయి. వీళ్ళలో ఒకడికి మెల్ల ఉందని ఇన్నాళ్ళకి తెలిసింది నాకు" అని ఫోన్‌లో ఒకటే నవ్వు.

నాలుగో నెలలో నవ్వు ఆగింది.

మొదట అద్దం మీద ఆవిరి పట్టినట్టుందని చెప్పింది. తర్వాత కొలనులో ఎవరో పాలు కలిపినట్టుందని చెప్పింది. ఎండ నీళ్ళ మీద పడి మెరిస్తే ఆ మెరుపు ముద్దలా పరుచుకుని, దాని కింద ఏముందో తెలియడం లేదు. ఒక పొద్దుట పిల్లల తలలు లెక్కపెట్టుకుంది. పదకొండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది, పన్నెండు. మూడోసారి పదకొండు. ఈల వేసి అందరినీ గట్టెక్కించింది. పన్నెండో పిల్ల మెరుపు కిందే, తన కాళ్ళకు రెండు బారల దూరంలోనే, పందెం కట్టుకుని ఊపిరి బిగబట్టి మునిగి ఉంది. పిల్లకు ఏమీ కాలేదు. ఆడపడుచు మాత్రం ఆ రోజే ఈల తీసి ఆఫీసు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసింది.

చార్టక్క ఆమెను మళ్ళీ చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టింది.

"చివరి వరుస చదువు."

ఆడపడుచు కళ్ళు చికిలించింది, తల వాల్చింది, గడ్డం ఎత్తింది. "ఎఫ్… కాదు, పి. తర్వాతది సున్నానో, డినో. డి."

"మళ్ళీ చూడు" అంది చార్టక్క అలవాటుగా.

"అయితే సున్నా."

కరెక్టే. చార్టక్క కలం నిండు చూపుకు గుర్తైన ఆరుకు ఆరు అని రాయబోయి ఆగింది. 'మళ్ళీ చూడు' అంటే తప్పని చెప్పినట్టే. తప్పయితే రెండోది ఒప్పు. ఇది చూపు కొలవడం కాదు, బేరమాడటం. పదకొండేళ్ళుగా రోజుకు ఎంతమందితో ఆమె ఈ బేరం ఆడిందో. రోగి సంతోషించేవాడు, డాక్టరు సంతోషించేవాడు, కాగితం మీద అంకె ముద్దుగా ఉండేది.

పెద్ద డాక్టరు దీపం పెట్టి చూసి కుర్చీ వెనక్కి జరిపాడు. "కొంచెం మబ్బు పట్టింది. ఎండలో తిరిగావు కదమ్మా? నల్లద్దాలు పెట్టుకోమని చెప్పాంగా. చుక్కలు వాడు, అదే పోతుంది."

"నల్లద్దాలు పెట్టుకునే తిరిగాను సార్. ఒక్కరోజు కూడా తియ్యలేదు."

"ఈత కొలను దగ్గర పనిచేస్తూ ఎండ తగల్లేదంటే ఎలా నమ్మమంటావు?" అని మెత్తగా నవ్వాడు. ఆ నవ్వు ఆడపడుచు మీద ఎంగిలిచెయ్యి కడిగినట్టు పడింది. 'చూపు ఆరుకు ఆరు, రోగి తృప్తిగా ఉన్నారు' అని ఆయన చెబుతుంటే చార్టక్క కాగితం మీద రాసింది.

ఆయన బయటకు వెళ్ళాక చార్టక్క ఆడపడుచును అక్కడే కూర్చోబెట్టి, అదే దీపం పెట్టి చూడమని క్లినిక్‌లోని చిన్న డాక్టర్ను బతిమాలి, తనూ ఒకసారి చూసింది. పెద్ద డాక్టరు కొంచెం మబ్బన్నది, కంటి నల్లటి నిగనిగ మీద సాలెగూడు. తెల్లగా, అడ్డదిడ్డంగా అల్లుకుని, తడిగోడ మీద బూజు పట్టినట్టు. తన ఇంటిపిల్ల కంటి నడిబొడ్డున.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త అన్నాడు. చెల్లెలి కోసం బాధతో అన్న మాటే గాని, చార్టక్క కంచం ముందు నుంచి లేచిపోయింది.

రెండు వారాల తర్వాత మేనేజరు ఆమె బల్ల మీద ఫైళ్ళ కట్ట పెట్టాడు. పెద్ద డాక్టరు డాక్టర్ల సభలో మాట్లాడబోతున్నాడు. ఏడాదిలో చేసిన ఉపరితల లేజర్ ఆపరేషన్ల ఫలితాలన్నీ పట్టిక వెయ్యాలి.

"మబ్బు పట్టినవాళ్ళని ఏ గడిలో వెయ్యాలి?" అని అడిగింది.

"అలాంటి గడి లేదుగా. 'ఆలస్యంగా మానుతున్నవి' అని ఉంది చూడు, అందులో."

"పరీక్షకి మళ్ళీ రాని వాళ్ళు?"

"బాగుంటేనేగా రాకపోవడం. తృప్తి గడిలో వెయ్యి." అతను చూయింగ్ గమ్ నములుతూ చెప్పాడు. అది దవడల మధ్య చప్‌చప్‌మంటుంటే చార్టక్క కళ్ళు దించుకుంది.

ఫైళ్ళు తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. ఏడాది మొత్తంలో గట్టిగా మబ్బు పట్టినవాళ్ళు ఆరుగురు. ఆరుగురిలో నలుగురికి ఆపరేషన్ ఒకే నెలలో, పది రోజుల తేడాలో జరిగింది. నలుగురికీ సైటు ఆరు దాటిందే. ఆడపడుచు ఆ నలుగురిలో మూడోది. ఎక్కువ సైటు ఉన్నవాళ్ళకు లేజర్ కొట్టగానే దూదిముక్క అప్పటికప్పుడు కలిపిన ఒక మందులో ముంచి, మచ్చ కట్టకుండా కంటి మీద కొన్ని క్షణాలు పెడతారు. నలుగురి కాగితాల మీదా 'మందు పెట్టబడినది' అనే ఉంది, ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, అన్నీ ఒకే పూట కూర్చుని రాసినట్టు.

మధ్యాహ్నం థియేటరు నర్సు పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర తింటారు.

"ఆ నెల మందు ఎప్పుడెప్పుడు కలిపారు?" అని అడిగింది చార్టక్క.

నర్సు టిఫిన్ డబ్బా మూత తీసింది. "ఒక్కసారే."

"ఒక్కసారేంటి? కలిపాక నిలవ ఉంచకూడదుగా."

"ఉంచకూడదు. రోజుకి ఒకరో ఇద్దరో వస్తుంటే రోజూ కొత్త సీసా విప్పి మిగతాది పారబోస్తామా అన్నాడు సారు. సిరంజిలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు. మనం పాలు పెట్టుకుంటాం చూడు, ఆ అరలోనే." నర్సు ముద్ద కలిపింది. "చివరికొచ్చేసరికి రంగు కూడా తేడా వచ్చింది. చెప్పాను. చుక్క ఎక్కువ పెడదాంలే అన్నాడు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"నువ్వు చెప్పు, నేనేం చెయ్యను? నీ ఆడపడుచని తెలిసి ఆ రోజు ఇంకోసారి చెప్పబోయి మానేశాను. ఒట్టు." చెప్పి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. పెదవి చివర అంటిన మెతుకును వేలితో లోపలికి తోసుకుంది. చార్టక్క తన డబ్బా మూత పెట్టేసింది. రోజూ తాము టీలో పోసుకున్న పాలు, ఆ సిరంజి పక్కన ఉన్న పాలు గుర్తొచ్చి, లేచి వెళ్ళి వాష్‌బేసిన్ దగ్గర వాంతి చేసుకుంది.

సాయంత్రం పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన చేతులకు జెల్ రాసుకుంటూ విన్నాడు. వేళ్ళ సందులు, గోళ్ళ చివర్లు, మణికట్టు. అంత శుభ్రంగా రాసుకునే చేతులను చూస్తే ఆమెకు రోత పుట్టింది.

"కొత్త మందు పెట్టినా కొందరికి మబ్బు వస్తుంది. ఏ పుస్తకం తీసినా ఉంటుంది. వీళ్ళకి పాత మందు వల్లే వచ్చిందని నువ్వెలా చెప్తావు?" అన్నాడు.

"నేను చెప్పలేను సార్. మీరు చెప్పగలరు. పెట్టింది పాతదని రాయచ్చు కదా."

"రాస్తే ఏమొస్తుంది? నలుగురూ భయపడతారు. భయపడితే కన్ను నయమవుతుందా?" కుర్చీలో ముందుకు వంగాడు. "చూడమ్మా, నువ్వు ఇంటిమనిషివి. మీ అమ్మాయికి నేనే పొర గీకి శుభ్రం చేస్తాను, కొత్త మందుతో. నువ్వు ఆ పట్టిక మీద సంతకం పెట్టెయ్."

"మిగతా ముగ్గురికి?"

"వాళ్ళు అడిగినప్పుడు చూద్దాం." తర్వాత మరీ మెత్తగా అన్నాడు. "అయినా, ఆ కాగితాల్లో అంకెలన్నీ రాసింది నీ చెయ్యే. నేను ఒక్కటి కూడా రాయలేదు."

ఆ మాట నిజం. తేలు కుట్టిన దొంగలా ఆమె గది దాటింది. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆయన మీద అసహ్యం ఉంది, నర్సు మీద ఉంది, మేనేజరు నములుడు మీద ఉంది. అవన్నీ పక్కకు జరిపితే అడుగున, కాలవ అడ్డు తీస్తే కనిపించే బురదలా, తన మీద తనకున్నది కనిపించింది. ఆయన మందు పాతది వాడాడు. తను 'మళ్ళీ చూడండి' వాడింది. సీసా మీదైనా తేదీ ఉంటుంది.

ఆమె పట్టిక మీద సంతకం పెట్టలేదు. నలుగురి కాగితాలకూ నకళ్ళు తీసుకుని సంచిలో పెట్టుకుంది. మర్నాడు సెలవు పెట్టి ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఏదీ దాచకుండా చెప్పింది, ఫ్రిజ్ అర దగ్గర నుంచి 'మళ్ళీ చూడు' అని డిని సున్నా చేయించిన సంగతి దాకా.

ఆడపడుచు కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆ రోజుల్లో వెలుతురుకు ఎదురుగా కూర్చోలేకపోయేది.

"అంటే నువ్వు నన్ను అడిగినప్పుడల్లా చూపు ఉందో లేదో నీకు తెలియదు" అంది.

"తెలియదు."

"పదకొండేళ్ళు ఎవరికీ తెలియదు."

"ఎవరికీ సరిగ్గా తెలియదు."

"నేను నీ మాట మీద పడుకున్నాను ఆ బల్ల మీద. డాక్టరు మాట మీద కాదు." గొంతు పెంచలేదు. "వెళ్ళు వదినా. నిన్ను చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది. అన్నయ్యకి ఏమీ చెప్పకు, నేనే చెప్తాను."

చార్టక్క వెళ్ళిపోయింది. కాని ఇంటికి వెళ్ళలేదు. మిగతా ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళింది. ఒకడు వడ్రంగి. రంపం గీత కనిపించక కొలతకు బెత్తెడు దూరంగా కోస్తున్నాడని పని మానిపించారు. ఒకామె బడిపంతులమ్మ, నల్లబల్ల మీద తను రాసింది తనకే అలుక్కుపోతోందని, వయసు వల్లేమో అనుకుంటోంది. మూడో ఆయన తలుపు తియ్యలేదు. తలుపు వెనక నుంచే విని, "మాకు గొడవలొద్దమ్మా. సారు దేవుడు" అన్నాడు. ఆ మాటకు ఆమెకు అన్నింటికన్నా ఎక్కువ రోత పుట్టింది. ఎందుకంటే ఆ భక్తిని ఆ మనిషికి అలవాటు చేసినవాళ్ళలో తనూ ఒకతె.

వడ్రంగినీ పంతులమ్మనూ తెలిసిన కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టి మళ్ళీ కొలిచింది. ఈసారి చార్టు పక్కన ధగధగలాడే దీపం పెట్టింది, ఎండలో ఉన్నట్టు. తప్పు చదివితే తప్పని రాసుకుంది, 'మళ్ళీ' అనలేదు. క్లినిక్ కాగితంలో ఆరుకు ఆరు ఉన్న పంతులమ్మ, ఆ వెలుగులో పై నుంచి మూడో వరుస దాటలేదు.

"ఇదా నా చూపు?" అంది పంతులమ్మ.

"ఇదండీ."

"ఎవరో ఒకరు చెప్పారు. పిచ్చి పట్టిందేమో అనుకుంటున్నాను నేను" అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ కాగితాలూ ఈ కాగితాలూ కలిపి ముగ్గురూ వైద్యుల మీద విచారణ చేసే మండలికి ఫిర్యాదు పంపారు. మూడో సంతకం ఆడపడుచుది. వదిన ద్వారా కాదు, సంతకం కోసం వచ్చిన వడ్రంగి ద్వారా పంపించింది.

విచారణలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. థియేటరు నర్సు నీళ్ళు నమిలింది. మూడుసార్లు అడిగాక ఫ్రిజ్ సంగతి ఒప్పుకుంది. పెద్ద డాక్టరు కొత్త మందు పెట్టినా మబ్బు వస్తుందని పుస్తకాలు తెచ్చి చూపించాడు. అందులో అబద్ధం లేదు. దాని చాటునే ఆయన నిలబడ్డాడు.

పెద్దల్లో ఒకాయన చార్టక్కను అడిగాడు. "ఈ కొలతలు తప్పని మీరే అంటున్నారు. రాసింది మీరే. ఇలా ఎన్ని రాసి ఉంటారు?"

"లెక్క లేదండీ."

"సుమారుగా?"

"సుమారుగా చెప్పడమే నేను చేసిన తప్పు. మళ్ళీ చెయ్యను." గదిలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

పెద్ద డాక్టర్ను ఏడాదిపాటు ఆపరేషన్లు చెయ్యకుండా ఆపారు. కాగితాలు సరిగా ఉంచనందుకు అన్నారు, అంతే. పాత మందు వల్లే మబ్బు వచ్చిందని తేల్చలేమన్నారు. చార్టక్కను కూడా మందలించారు, ఆమె తల వంచి విన్నది. క్లినిక్ పాత బోర్డు మీద కొత్త రంగు వేసి, కొత్త డాక్టరు పేరు రాసి, నెల తిరక్కుండా తెరిచారు. గోడ మీద ఫొటోలు అలాగే ఉన్నాయని పంతులమ్మ చూసొచ్చి చెప్పింది. ఆడపడుచు బొటనవేలు ఎత్తి నవ్వుతూనే ఉందట.

ఆడపడుచు పెద్ద బోధనాసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఒక ముసలి డాక్టరమ్మ "పూర్తిగా పోతుందని చెప్పను. సగం పైన పోవచ్చు. మళ్ళీ రావచ్చు కూడా" అంది. ఆ మాట విని ఆడపడుచు వెంటనే ఒప్పుకుందట. మచ్చ గీకి, అప్పుడే కలిపిన మందు రెండు నిమిషాలు పెట్టారు. మళ్ళీ నాలుగు రోజుల మంట. ఆరు నెలలకు మబ్బు చాలావరకు కరిగింది. మిగిలిన చూపుకు పలచటి అద్దాలు పడ్డాయి. ఎండ మెరుపు మాత్రం ఇంకా పరుచుకుంటుంది, బహుశా ఎప్పటికీ.

ఆరుబయటి కొలనుకు ఆమె మళ్ళీ వెళ్ళలేదు. కప్పు ఉన్న చిన్న కొలనులో, పూటకు ఐదుగురు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. చార్టక్క అప్పటికి కళ్ళద్దాల దుకాణంలో చేరింది. ఒక ఆదివారం పొద్దుట ఆడపడుచే ఫోన్ చేసి రమ్మంది.

చార్టక్క మెట్ల వరుస మీద కూర్చుంది. క్లోరిన్ వాసన ముక్కుపుటాలు మండించింది. ఆడపడుచు కళ్ళజోడుకు తాడు కట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఐదు తలలనూ మాటిమాటికీ లెక్కపెట్టుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. ఒకప్పుడు అలా పైకి లెక్కపెట్టేది కాదు. క్లాసు అయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, ఒక మెట్టు వదిలి కూర్చుంది.

"అన్నయ్య చెప్పాడు, నువ్వు తిండి సరిగా తినట్లేదని."

"తింటున్నాను."

"కోపం పోయింది నాకు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు." తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "రోత పోలేదు వదినా. ఆ వాసన, ఆ గది, నువ్వు 'మళ్ళీ చూడు' అన్న గొంతు, అన్నీ కలిసిపోయాయి. పోయిందని అబద్ధం చెప్పడం ఇష్టంలేక చెప్తున్నాను."

"చెప్పు. నాకూ పోలేదు" అంది చార్టక్క.

"నీకు నా మీదా?"

"నా మీద."

ఆడపడుచు తలూపింది. ఓదార్చలేదు. కింద ఒక పిల్ల చెప్పు నీళ్ళలో పడిపోయిందని పిలుస్తుంటే లేచి, తాడు సరిచేసుకుని దిగి వెళ్ళింది.